వీడియోకీ ఒక వంత కావాలి

బుర్రకథ చెప్పేది ముగ్గురు. నడుమ కథకుడు, భుజాన తంబుర, వేళ్లకు అందెలు. అటొకరు ఇటొకరు గుమ్మెటలు వాయిస్తూ వంతలు. ఒక వంతది హాస్యం, ఇంకో వంతది రాజకీయం. కథ మొత్తం కథకుడికి వచ్చు. ఆయన్ని ఒంటరిగా వదిలేస్తే పల్నాటి యుద్ధాన్నయినా గంటన్నరలో ముగించేస్తాడు. అలా వదలకపోవడంలోనే ఉంది ఆ కళ కిటుకంతా. నాలుగు చరణాలు పాడాడో లేదో హాస్యగాడు అడ్డు తగులుతాడు: అంత తెలిసిన బ్రహ్మనాయుడు కోడిపందేనికి ఎలా ఒప్పుకున్నాడయ్యా అని. అరుగు మీద కూర్చున్న ముసలమ్మ మనసులో మెదులుతున్న ప్రశ్నా అదే. కథకుడు ఆగి, వంతకి చెబుతున్నట్టే ఆమెకి జవాబు చెబుతాడు. ఈలోగా రాజకీయం వంత నాగమ్మ ఎత్తుగడని మన ఊరి పంచాయతీ ఎన్నికలకి ముడిపెట్టి ఒక విసురు విసురుతాడు. జనం నవ్వుతారు. కథ మళ్లీ కదులుతుంది.

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల బడుల్లో ఇప్పుడు వీడియో పాఠాలకి కరువు లేదు. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలోనే ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబుల పంపిణీ మొదలైంది. రాష్ట్రం మొత్తం మీద పిల్లలకీ ఉపాధ్యాయులకీ కలిపి 5 లక్షలకు పైగా ఇచ్చారు, పాఠాల వీడియోలు అందులోనే వేసి. పాఠ్యపుస్తకాల్లో దీక్షా అనే ఆన్‌లైన్ పాఠాల వేదికకి తీసుకెళ్లే క్యూఆర్ కోడ్‌లున్నాయి. చాలా బడుల్లో నల్లబల్ల పక్కన పెద్ద డిజిటల్ తెరలు వచ్చాయి. ఇవేవీ లేని చోట మాస్టారి జేబులో ఫోను ఉండనే ఉంది. అంటే మంచి కథకుడు దొరికాడు. దొరకనిది వంత.

ఒక పీరియడ్‌లో ఏం జరుగుతుందో గమనించండి. మాస్టారు వీడియో పెడతారు. తెర మీద ఎవరో హైదరాబాదు తెలుగులో చకచకా చెప్పుకుపోతుంటారు. మాస్టారు కుర్చీలో కూర్చుని నోటుపుస్తకాలు దిద్దుకుంటారు. మొదటి 5 నిమిషాలు పిల్లలు కళ్లార్పకుండా చూస్తారు. పదో నిమిషానికి వెనక బెంచీలో గుసగుసలు. ఇరవయ్యో నిమిషానికి చూసేవాళ్లు కూడా చూపులే తప్ప వినికిడి లేని స్థితికి వస్తారు. గంట కొడతారు. 'వీడియో చూపించాం' అని రికార్డులో రాసుకుంటారు. ఇందులో మాస్టారి బద్ధకం కంటే ఒక భ్రమ ఎక్కువుంది. తెర మీద చెబుతున్నది మంచి ఉపాధ్యాయుడే కాబట్టి ఇక్కడున్న ఉపాధ్యాయుడికి పని లేదనే భ్రమ.

2014లో ఫిలిప్ గువో, ఆయన సహచరులు ఎడెక్స్ ఆన్‌లైన్ కోర్సుల్లో దాదాపు 69 లక్షల వీక్షణలని పరిశీలించారు. ఎంత పొడుగు వీడియో పెట్టినా జనం చూసేది, మధ్యస్థ లెక్కన, మహా అయితే 6 నిమిషాలని తేలింది. వాళ్లు తమంతట తాము చేరినవాళ్లు. మన ఎనిమిదో తరగతి పిల్లవాడి దగ్గర అంతకు మించి ఆశించడం అన్యాయం. ఇంతకీ బుర్రకథకులకి ఈ సంగతి చెప్పడానికి ఏ పరిశోధనా అక్కర్లేదు. వాళ్లు 6 నిమిషాలు కూడా ఆగరు.

ఈ కళని ఈ నేల మీద ఆకాశానికెత్తినవాడు షేక్ నాజర్. 1920 ఫిబ్రవరి 5న గుంటూరు దగ్గర పొన్నెకల్లులో పుట్టారు. పత్తి ఏకే దూదేకుల కుటుంబం. ఆత్మకథకి కూడా 'పింజారి' అనే పేరు పెట్టుకున్నారు. ఆయన చెబుతుంటే అంగడాల వెంకటరమణమూర్తి రాశారు. ప్రజానాట్యమండలిలో చేరి పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలని ఊరూరా తిప్పారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో పోయారు. నాజర్ కథ చెప్పిన తీరు చూడాలంటే 1954 నాటి 'అగ్గిరాముడు' సినిమాలోని అల్లూరి సీతారామరాజు బుర్రకథ యూట్యూబులో దొరుకుతుంది. వెతుక్కుని చూడండి. రెండోసారి శబ్దం తీసేసి చూడండి. మాట వినపడకపోయినా కథ ఎక్కడ వేగం అందుకుంది, ఎక్కడ నెమ్మదించింది, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు అన్నది కళ్లూ భుజాలూ అడుగులే చెప్పేస్తాయి. బీఈడీ కాలేజీల్లో తరగతి నిర్వహణ మీద చెప్పే పాఠాలకి ఈ ఒక్క సినిమా ముక్కని జోడిస్తే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది.

వంత చేసే పని పైకి అల్లరిలా కనిపిస్తుంది గానీ అందులో నాలుగు పనులు కలిసి ఉన్నాయి. చరణం చివర అందుకుని జనానికి దాన్ని మళ్లీ వినిపిస్తాడు. తెలియనట్టు నటించి ప్రశ్న వేస్తాడు. పాత కథని ఇవాళ్టి ఊరికి ముడిపెడతాడు. కథకుడికి ఊపిరి తీసుకునే సందు ఇస్తాడు. తరగతిలో వీడియో నడుస్తున్నప్పుడు ఉపాధ్యాయుడు చేయాల్సినవీ ఇవే. ఆయన చేతిలో గుమ్మెట బదులు పాజ్ బటన్ ఉంటుంది, అంతే తేడా.

ఇది నేను కల్పించి చెబుతున్న సిద్ధాంతం కాదు. వ్యవసాయంలో దీన్ని చేసి చూపించారు. 2006లో బెంగళూరు మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో రికిన్ గాంధీ మొదలుపెట్టిన డిజిటల్ గ్రీన్, తర్వాత 2008లో విడిగా సంస్థ అయింది. దానికి ప్రేరణ ఒక బడి ప్రయోగమే: లక్నోలో రాండీ వాంగ్ మొదలుపెట్టిన డిజిటల్ స్టడీహాల్. మంచి ఉపాధ్యాయుల పాఠాలని రికార్డు చేసి, డీవీడీల్లో పల్లె బడులకి పంపేవారు. అక్కడి స్థానిక ఉపాధ్యాయుడు మధ్యమధ్యలో ఆపి, ప్రశ్నలడిగి, పిల్లల చేత చేయించేవాడు. గాంధీ బృందం దీన్నే పొలానికి తీసుకెళ్లింది. ఊళ్లో రైతు చేత చెప్పించిన 8, 10 నిమిషాల వీడియో, చిన్న ప్రొజెక్టర్, పక్కన ఆ ఊరి మనిషే ఒకరు. కర్ణాటకలో జరిగిన తొలి పరిశీలనలో, పెట్టిన ప్రతి రూపాయికీ మామూలు వ్యవసాయ విస్తరణ పద్ధతికంటే కనీసం 10 రెట్లు ఎక్కువ ఫలితం కనిపించింది. వీడియో చూసిన రైతులు మొట్టమొదట అడిగేది ఎరువు సంగతి కాదట. ఆ రైతు పేరేంటి, ఏ ఊరు అని. మనవాడా కాదా తేలాకే మాట చెవికెక్కుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ముందు గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్), ఆ తర్వాత గుంటూరు కేంద్రంగా పనిచేసే రైతు సాధికార సంస్థ ఈ పద్ధతిని అందిపుచ్చుకున్నాయి. సంఘం అక్కలు పొద్దుగూకాక ఒక ఇంటి వసారాలో కూర్చుంటారు, గోడకి తెల్ల పంచె. ద్రవజీవామృతం తయారీ వీడియో అనుకోండి. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవుపేడ, ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టు మీది గుప్పెడు మట్టి. బెల్లం దగ్గర వీడియో ఆపేస్తారు. ఎన్ని కిలోలు చెప్పింది? ఏ పిండి? బెల్లం లేకపోతే ఇంకేం వేయొచ్చు? ఒకావిడ శనగపిండి అంటుంది, పక్కావిడ మినప్పిండి పనికిరాదా అంటుంది. నీడలో పెట్టాలని వీడియోలో చెప్పకముందే ఎవరో చెప్పేస్తారు. ఆ తర్వాత మిగతా వీడియో నడుస్తుంది. ఎవరు చేస్తామన్నారో రాసుకుని, కొన్నాళ్లకి వెళ్లి చేశారో లేదో చూస్తారు. ఇందులో హాస్యం వంతా ఉంది, రాజకీయం వంతా ఉంది. తంబుర ఒక్కటే లేదు.

ఇదే పని ఎనిమిదో తరగతి సామాన్యశాస్త్రంలో ఎలా ఉంటుందో చూద్దాం. పత్తి మీద గులాబీ రంగు పురుగు జీవిత చక్రం గురించి 12 నిమిషాల వీడియో ఉందనుకుందాం. మాస్టారు ముందురోజే మొత్తం చూసుకోవాలి. అందులో 4 నిమిషాలే పనికొస్తాయి. మిగతాది సంగీతం, ముందుమాట, ఛానెల్‌ని సబ్‌స్క్రైబ్ చేయండనే బతిమాలుడు. ఆ నాలుగు నిమిషాల్లో రెండు చోట్ల ఆపాలని గుర్తు పెట్టుకోవాలి. పువ్వు విచ్చుకోకుండా రేకులు ముడుచుకుని ఉన్న దృశ్యం దగ్గర ఒకసారి ఆపితే, పల్నాడు పిల్లల్లో సగం మంది 'గుడ్డి పువ్వు సార్' అని అరుస్తారు. ఆ పేరు వీడియోలో లేదు, పుస్తకంలోనూ ఉండకపోవచ్చు. ఆ క్షణంలో పాఠం తెర నుంచి చేలోకి దిగుతుంది. రేపు ఒక్కొక్కరు ఒక గుడ్డి పువ్వు తెచ్చి విప్పి చూపించండి అంటే చాలు, మిగతా పాఠం పురుగే చెబుతుంది. లింగాకర్షక బుట్ట ఎందుకు పెడతారో ఇంట్లో నాన్నని అడిగి రమ్మనొచ్చు. వీడియో లేకుండా ఇది చేయలేమా అంటే చేయొచ్చు. కానీ రెక్కల పురుగు గుడ్డు పెట్టడం, గుడ్డులోంచి పిల్ల వచ్చి కాయలోకి దూరడం కంటితో చూపించగలిగేది వీడియో ఒక్కటే.

ఇంకో లాభం మిరప కోతల కాలంలో తెలుస్తుంది. కోతలకి కర్నూలు వైపు నుంచి కుటుంబాలు పిల్లలతో సహా ఇటు వస్తాయి. ఇక్కడి పిల్లలు కూడా ఆ నెలల్లో బడి ఎగ్గొట్టి కల్లాల దగ్గరుంటారు. పోయిన పాఠాన్ని మాస్టారు మళ్లీ చెప్పలేరు. తన గొంతుతో, తన బల్ల మీద, 5 నిమిషాల ముక్కలుగా తీసిపెట్టుకుంటే ఆ పిల్లవాడు తిరిగొచ్చాక చూసుకోగలడు. ఎక్కడో తీసిన మెరుగైన వీడియోకంటే తన మాస్టారి గొంతున్న సాదా వీడియోనే పిల్లవాడు శ్రద్ధగా చూస్తాడన్నది నా నమ్మకం. డిజిటల్ గ్రీన్ రైతులు ఊరి పేరు అడిగింది ఇందుకే కదా.

వీడియోల్లో చెత్త గురించి రెండు మాటలు. 2021లో నల్ల తామర పురుగు మిరప తోటల్ని కమ్మేసినప్పుడు రైతులు పడిన గోడు అందరికీ తెలుసు. అలాంటి వేళ ఫోనులో కనిపించే ప్రతి సలహా సలహా కాదు, కొన్ని మందుల ప్రకటనలు. ఈ వీడియో తీసిందెవరు, ఎప్పుడు, చెప్పేవాడు ఆ మందు అమ్ముతాడా, గుంటూరు దగ్గరి లాం పరిశోధన స్థానం ఏమంటోంది అన్న ప్రశ్నలు పదో తరగతి పిల్లల చేత అడిగించాలి. వ్యాసరచన పోటీలకంటే ఇది ఎక్కువ ఉపయోగం.

ఇంతవరకూ వీడియో చూడటం గురించి. ఇక మాట్లాడటం గురించి, అంటే ఉపన్యాసం. మన బడుల్లో వక్తృత్వ పోటీ అంటే 'అధ్యక్షులవారికి, గౌరవనీయులైన ఉపాధ్యాయులకి' అని మొదలెట్టి, కంఠతా పట్టిన పేజీన్నరని ఒక్క ఊపులో వదిలేసి, చెమట తుడుచుకుంటూ దిగిపోవడం. పాపం, పిల్లల తప్పేం లేదు, వాళ్లకి మాట్లాడటం నేర్పలేదు, అప్పజెప్పడం నేర్పారు. ఇదే నేల ఒకప్పుడు వేరేగా నేర్పింది. వినోదరాయునిపాలెంలో 1872లో పుట్టిన టంగుటూరి ప్రకాశం, ఒంగోలు మిషన్ స్కూల్లో ఇమ్మానేని హనుమంతరావు నాయుడు మాస్టారి దగ్గర చదువుతో పాటు నాటకం నేర్చుకున్నారు. ఆడ వేషాలు వేశారు. ఆ తర్వాతే కోర్టు, ఆ తర్వాతే 1928లో సైమన్ కమిషన్ నిరసనలో మద్రాసు వీధిలో తుపాకీకి ఎదురొడ్డిన గుండె. గొంతు ఎక్కడ పెంచాలో, ఎక్కడ తగ్గించాలో రంగస్థలం మీద తెలిసినవాడికి బోనూ బహిరంగ సభా కొత్త కాదు.

ఇప్పుడు ప్రతి పిల్లకీ రంగస్థలం దొరకదు గానీ ఫోను దొరుకుతుంది. ఒక అభ్యాసం చెబుతాను, చేసి చూడండి. వీడియో పెట్టి శబ్దం ఆపేయాలి. మిర్చి యార్డులో టిక్కీలు (బస్తాలు) దించడం కావచ్చు, పత్తి ఏరడం కావచ్చు, గుండె రక్తాన్ని పంపు చేయడం కావచ్చు. ఒక పిల్ల ముందు నిలబడి దృశ్యానికి తగ్గట్టు చెప్పుకుపోవాలి. ఇంకో ఇద్దరు వంతలుగా పక్కన నిలబడి, ఒకరు తెలియనట్టు ప్రశ్నలు వేయాలి, ఒకరు ఊరి సంగతికి ముడిపెట్టాలి. కంఠతా పట్టడానికి వీల్లేదు, ఎందుకంటే ప్రశ్న ఎటు నుంచి వస్తుందో తెలియదు. దాన్ని ఫోనులో రికార్డు చేయాలి. తర్వాత మాట్లాడిన పిల్ల తన వీడియోని మూడుసార్లు చూడాలి: శబ్దం లేకుండా ఒకసారి, తెర మూసి వింటూ ఒకసారి, రెండూ కలిపి ఒకసారి. శబ్దం లేనప్పుడు తను నేల చూపులు చూస్తోందని తెలుస్తుంది. వింటున్నప్పుడు 'అంటే', 'ఏంటంటే' ఎన్నిసార్లు దొర్లాయో తెలుస్తుంది. ఇతరులు చెబితే ఏడుపొస్తుంది, తనకి తానే చూసుకుంటే నవ్వొస్తుంది. ఆ వీడియోలు తరగతి దాటి బయటికి పోకూడదు. పిల్లల ముఖాలని వాట్సాప్ గ్రూపుల్లోకి వదలడం మంచి ఉద్దేశంతో చేసినా తప్పే.

టెడ్ వేదిక వక్తలకి 18 నిమిషాల గడువు పెడుతుందని ఆశ్చర్యంగా చెప్పుకుంటాం. 18 నిమిషాల్లో మన వంతలు కథకుణ్ణి ఎన్నిసార్లు ఆపి ఉంటారో! అక్కడి వీడియోలు చూసి చేతులు ఊపడం నేర్చుకుంటున్న మన కుర్రాళ్లు, ఆపడమూ అడగడమూ సొంత ఊరి కళలోనే నేర్చుకోవచ్చు.

గుంటూరు, ప్రకాశం వైపు బుర్రకథ దళాలు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. ప్రభుత్వ పథకాల ప్రచారాల్లోనూ, తిరునాళ్లలోనూ ఇంకా కనబడుతుంటాయి. మీ మండలంలో ఒక దళం ఉంటే ఈ ఏడాది బడి వార్షికోత్సవానికి పిలవండి. కథ అయ్యాక వంతని ఒక అరగంట ఉపాధ్యాయులతో కూర్చోబెట్టండి. ఎక్కడ ఆపాలో, ఏం అడగాలో ఆయనకెలా తెలుస్తుందో కనుక్కోండి. వీడియో తీసేటట్టయితే ముందు వాళ్లని అడగండి. దారి ఖర్చులూ సంభావనా పిలిచేటప్పుడే మాట్లాడుకోండి.