కుదింపులో జారిపోయే కారణం

పెద్ద రచనని చిన్నదిగా చెప్పటం మన చదువుల్లో మార్కుల పనిగా మిగిలిపోయింది. మూడోవంతుకి కుదించమంటారు, విద్యార్థి మాటలు లెక్కపెట్టుకుని రాస్తాడు. ఏం తీసేశాడు, దాంతోపాటు ఏం పోయింది అని అడిగేవాళ్లు తక్కువ. అంబేద్కర్ రచనల్ని వాడల్లోకి తీసుకెళ్లాలనుకునే మనకి మాత్రం ఈ ప్రశ్న తప్పదు. పుస్తకం కొనలేని వాళ్లకి, చదివే తీరిక లేని కూలీలకి మనం చెప్పే సారాంశమే పుస్తకం.

'కుల నిర్మూలన'నే తీసుకుందాం. దీని గురించి తరచుగా వినబడే సారాంశం ఒక్క వాక్యం: కులం పోవాలంటే కులాంతర వివాహాలు చేసుకోవాలని అంబేద్కర్ చెప్పారు. ఇందులో అబద్ధం లేదు. అయినా ఇది ఆ పుస్తకం చేసిన వాదన కాదు. 20వ భాగంలో ఆయన ఒక్కో మందునీ పరీక్షిస్తూ పోతారు. ముందు ఉపకులాల్ని రద్దుచేస్తే సరిపోదంటారు. సహపంక్తి భోజనాలూ చాలవంటారు. కులాంతర వివాహమే అసలు మందని ఒప్పుకుంటారు. అక్కడితో ఆగరు. మరి జనం ఆ మందు ఎందుకు తీసుకోవటంలేదని అడుగుతారు. శాస్త్రాలు పవిత్రమన్న నమ్మకం అడ్డుపడుతోంది గనుక ముందు ఆ నమ్మకాన్నే పోగొట్టాలని తేలుస్తారు. మన ఒక్క వాక్యంలో మందు మిగిలింది, రోగకారణం పోయింది. దాంతో అంత పదునైన పుస్తకమూ ఎవర్నీ ఇబ్బందిపెట్టని పెళ్లిళ్ల సలహా అయి కూచుంది.

ఈ కోతకి చరిత్ర ఉంది. లాహోరుకి చెందిన జాత్-పాత్ తోడక్ మండల్ వార్షిక సభకి అధ్యక్షోపన్యాసంగా 1936లో అంబేద్కర్ దీన్ని రాశారు. హిందూ మత గ్రంథాల్ని తప్పుపట్టే భాగం అసలు విషయానికి సంబంధించింది కాదని మండల్ వాళ్లు అభ్యంతరం చెప్పారు. ఒక్క కామా కూడా మార్చనన్నారాయన. సభ జరగలేదు. ఆయన సొంత ఖర్చుతో 1500 ప్రతులు అచ్చువేయించారు. ఆనాడు నిర్వాహకులు అడిగి సాధించలేని కోతని ఈనాడు మనవాళ్లు అభిమానంతోనే చేసిపెడుతున్నారు! అదే ఏడాది గాంధీ 'హరిజన్'లో జవాబిస్తూ అసలైన శాస్త్రాలు ఏవి అన్న చర్చలోకి దిగారు. పెళ్లిళ్ల సలహా ఒక్కటే విన్న విద్యార్థికి ఆ జవాబు ఎందుకొచ్చిందో కూడా అర్థంకాదు.

కుదింపులో రెండో గండం క్రియాపదం దగ్గరుంది. తెలుగులో చేసినవాణ్ణి చెప్పకుండానే వాక్యం ముగించొచ్చు. '1985 జూలై 17న కారంచేడులో దళితులపై దాడి జరిగింది' అంటే క్లుప్తంగానే ఉంటుంది. వానలు కురిసినట్టు దాడి దానంతటదే జరిగిపోతుంది. 'తాగేనీళ్లు పాడుచెయ్యొద్దని మాదిగ స్త్రీ అడ్డుపడినందుకు కమ్మ భూస్వాములు మాదిగల మీద దాడిచేసి ఆరుగుర్ని చంపారు' అనటానికి పట్టేది ఇంకొన్ని మాటలే. ఆ కొన్ని మాటల పొదుపు ఎవరికి లాభమో చెప్పనక్కర్లేదు గదా.

అందుకని అధ్యయన తరగతులు నడిపే మిత్రులకి మేం ఒక పద్ధతి సూచిస్తాం. రచన మొత్తం చదివేదాకా కలం పట్టొద్దు. తర్వాత పుస్తకం మూసి నాలుగు సంగతులు సొంతమాటల్లో రాసుకోవాలి: రచయిత వేసుకున్న ప్రశ్న ఏది, ఎవరితో వాదిస్తున్నాడు, ఏం తేల్చాడు, దేన్నిబట్టి తేల్చాడు. ఉదాహరణలు పది ఉంటే ఒక్కటి ఉంచొచ్చు. ఒకేమాట మూడుసార్లు చెబితే రెండు తీసెయ్యొచ్చు. విశేషణాలు, పొగడ్తలు నిర్మొహమాటంగా కొట్టెయ్యొచ్చు. కారణం, కర్త - ఈ రెండూ మాత్రం తియ్యటానికి వీల్లేదు. మన అభిప్రాయం ఉంటే విడిగా చెప్పాలి, రచయిత నోట్లో పెట్టకూడదు. చివర్లో మళ్లీ పుస్తకం తెరిచి పోల్చుకోవాలి.

ఈ లెక్కన 20వ భాగం రెండు వాక్యాల్లో ఇముడుతుంది: 'ఉపకులాల రద్దు, సహభోజనాలు చాలవు, కులాంతర వివాహమే మందు. దాన్ని ఆపుతున్నది శాస్త్రాలు పవిత్రమన్న నమ్మకం గనుక ముందు దాన్ని పోగొట్టాలి.' ఇది వినటానికి అరనిమిషం పట్టదు. విన్నవాడు ఒప్పుకోవచ్చు, ఎదురు వాదించొచ్చు. ఎందుకు ఒప్పుకుంటున్నాడో, దేనితో వాదిస్తున్నాడో మాత్రం అతనికి తెలిసే ఉంటుంది.