వాయిదానాటికి సన్నాహము

న్యాయస్థానము మెట్లెక్కవలసివచ్చిన సామాన్యుడు, అభియోగము వేగపరిమితిని మించి కారు నడిపినంతటి స్వల్పవిషయమైనను, మొట్టమొదట సిద్ధపరచుకొనునది సాకు. మా మేనల్లుడు సమన్లు చేతబట్టుకొని నాయొద్దకు వచ్చి, మడత విప్పకమునుపే, ‘మామయ్యా, విజయవాడ రోడ్డుమీద అందరును అంతే వేగముగా పోవుచుండిరి గదా!’ అని మొదలుపెట్టెను. ‘ఆ యందరును వాయిదాకు నీ వెంట వత్తురా?’ అని యడిగితిని.

ముందు కాగితము చదువవలెను. తేదీ, వేళ, స్థలము, బండి నంబరు, సెక్షను, యంత్రము కొలిచిన వేగము, వీనినన్నిటిని వేలుపెట్టి చూచుకొనవలెను. కేంద్ర మోటారు వాహన నియమములలో 2021లో చేర్చిన 167-ఏ నియమము, కెమెరా పట్టిన నేరమునకు ఛాయాచిత్రము, అందులో నంబరు పలక స్పష్టముగా నుండవలెననియు, కెమెరా యున్న దారికి ముందుగా హెచ్చరిక పలక నిలుపవలెననియు విధించినది. కావున మేమిద్దరమును ఆ చోటికి, ఆ వేళకే, పోయి చూచితిమి. వేగపరిమితి పలక చోదకునికి ఎంత దూరమునుండి కానవచ్చును, చెట్టుకొమ్మ అడ్డమున్నదా, ఆ గంటలో వెలుతురెట్లుండును, ఇవి ఇంటిలో కూర్చుండి ఊహించిన తేలునవి కావు.

1988 నాటి మోటారు వాహన చట్టము 183వ సెక్షనులో నాకెంతయు ప్రియమైన యుపవిభాగమొకటి కలదు. వేగము మించినదని తనకు తోచినట్లు ఒక్క సాక్షి చెప్పినంతమాత్రమున, ఆ తోచుట యంత్రపు కొలతపై నాధారపడినట్లు చూపనిదే, ఎవనికిని శిక్ష వేయరాదట! రోడ్డుప్రక్కన నిలువబడిన మనుష్యుని కంటికి, మోత చేయుచు పోవు పాతబండి నిశ్శబ్దముగా దూసికొనిపోవు కొత్తకారుకంటె వేగవంతముగా దోచునన్న సంగతి ఆ శాసనకర్తలకు తెలిసియే యుండవలెను.

అయితే మావానికి కొలతయు నున్నది, చిత్రమును స్పష్టముగానే యున్నది. ఇక నిర్ణయింపవలసినది, ఒప్పుకొనుటయా, పోరాడుటయా యని. కారుకైనచో ఈ నేరమునకు చట్టము చెప్పిన జరిమానా 1,000 నుండి 2,000 రూపాయలు. సమన్లలో 208వ సెక్షను ననుసరించి వెసులుబాటు పేర్కొన్నచో, రిజిస్టరు ఉత్తరముమీద ఒప్పుకొని, అందు సూచించిన సొమ్ము పంపివేయవచ్చును. ఎటుగాని మధ్యమార్గము మాత్రము తగదు. ఒప్పుకొనుచునే, తల్లికి జబ్బనియు, స్పీడోమీటరు చెడినదనియు కథ చెప్పువాని మాటను నిష్కర్షయైన యంగీకారముగా నమోదు చేయుట మెజిస్ట్రేటునకు కష్టము. విచారణకు తేదీ పడును, మరల సెలవు పెట్టవలెను.

మావాడు ఒప్పుకొనుటకే నిశ్చయించుకొనెను. వ్రాసికొనివచ్చిన రెండుపుటల విజ్ఞాపనలో నేను మూడు వాక్యములు మిగిల్చితిని. లైసెన్సు, ఆర్.సి., బీమా పత్రము ఒక కవరులో పెట్టించి, కోర్టు కూర్చుండకముందే పోయి వరండాలో నుండుమంటిని. టీ త్రాగుటకు పోయినవానినే బంట్రోతు సరిగా అప్పుడు పిలుచును. పైగా ఆ కేకలో మన యింటిపేరు మనకే తెలియని రూపము దాల్చును.