పిల్లలకు చరిత్ర చెప్పే మూడు పుస్తకాలు

అమెరికాలో పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునే తల్లిదండ్రులకు లెక్కల పుస్తకం ఎంచుకోవడం పెద్ద పని కాదు. ఏడూ ఎనిమిదీ కలిపితే పదిహేనని ఏ పుస్తకమైనా చెబుతుంది. చిక్కంతా చరిత్ర దగ్గరే. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవర్ని వీరుడనాలి, ఏది నిజమని చెప్పాలి, ఏది కథ అని చెప్పాలి? 1993 నాటికి ఆ దేశంలోని యాభై రాష్ట్రాల్లోనూ హోమ్‌స్కూలింగ్ చట్టబద్ధమైంది. ఏ పుస్తకం చదివించాలన్న నిర్ణయం చాలావరకు తల్లిదండ్రులదే. ఈ దారి పట్టిన తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి. వాళ్ల కోసం, ఇక్కడ మన దేశంలో ఇంట్లో పిల్లలకు చరిత్ర చెప్పాలనుకునే వాళ్ల కోసం, మూడు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూడాలనుకుంటున్నాను.

ఒకటి, జవహర్‌లాల్ నెహ్రూ కూతురికి రాసిన ఉత్తరాలు. 1928 వేసవిలో పదేళ్ల ఇందిర ముస్సోరీలో ఉంటే, అలహాబాదు నుంచి తండ్రి రాసినవి. మరుసటి ఏడే పుస్తకంగా వచ్చాయి. ప్రేమ్‌చంద్ వాటిని హిందీలోకి తెచ్చాడు. జైళ్లలో కూర్చుని రాసిన ‘గ్లింప్సెస్ ఆఫ్ వరల్డ్ హిస్టరీ’ తర్వాతిది. అది పదమూడు, పద్నాలుగేళ్లు దాటిన పిల్లలు చదవాల్సిన పుస్తకం, దాన్ని ఇక్కడికి తేవడం లేదు. రెండోది, ఎర్నెస్ట్ గోంబ్రిక్ 1935లో వియన్నాలో ప్రచురించిన చిన్న ప్రపంచ చరిత్ర. అప్పటికి అతనికి ఇరవయ్యారేళ్లు. రోజుకో అధ్యాయం చొప్పున ఆరు వారాల్లో రాశాడు. మూడోది, సూజన్ వైజ్ బావర్ నాలుగు సంపుటాల ‘ద స్టోరీ ఆఫ్ ద వరల్డ్’. అమెరికన్ హోమ్‌స్కూలింగ్ ఇళ్లలో ఎక్కువగా కనిపించే పుస్తకాల్లో ఇదొకటి.

ఈ మూడింటికీ ఒక పోలిక ఉంది. ఏదీ తరగతి గది కోసం పుట్టలేదు. నెహ్రూవి కూతురికి రాసిన ఉత్తరాలు. గోంబ్రిక్ తన పరిశోధన ఏమిటో ఒక స్నేహితుల ఇంటి పాపకు ఉత్తరాల్లో వివరించి చెప్పాడు. ఆ అలవాటే పుస్తకంలోకి వచ్చింది. బావర్ స్వయంగా ఇంట్లో చదువుకుని పెరిగిన మనిషి. తల్లి జెస్సీ వైజ్‌తో కలిసి 1999లో ‘ద వెల్-ట్రెయిన్డ్ మైండ్’ రాసింది. ఆ పద్ధతికి తగిన చరిత్ర పుస్తకంగా దీన్ని తయారుచేసింది.

రోజువారీ పనికి బావర్‌ను మించింది లేదు. ఈ మాట ముందే ఒప్పుకోవాలి. మొదటి సంపుటంలో నలభై రెండు అధ్యాయాలున్నాయి, చదువు ఏడాదికి సరిపోతాయి. నాలుగేళ్లలో ప్రాచీన కాలం నుంచి మన కాలం దాకా ఒక చుట్టు పూర్తవుతుంది. తర్వాత అదే చుట్టును పైతరగతుల్లో మరింత లోతుగా మళ్లీ తిరగమంటుంది ఆమె పద్ధతి. ప్రతి భాగం చదివి వినిపించాక పిల్లల చేత వాళ్ల మాటల్లో తిరిగి చెప్పిస్తారు. ఇది ఇంగ్లండులో విద్యావేత్త షార్లెట్ మేసన్ నూరేళ్ల క్రితమే పట్టుబట్టి చెప్పిన పద్ధతి. తోడుగా వచ్చే యాక్టివిటీ పుస్తకంలో పటాలు, వంటలు, చేతిపనులు ఉంటాయి. ఈజిప్టు పాఠంలో కోడిని ఉప్పులో ఊరవేసి మమ్మీ చేసే ప్రయోగం హోమ్‌స్కూలింగ్ ఇళ్లలో బాగా పేరుపడింది. శాకాహారుల ఇంట్లో ఆపిల్‌తో చేసినా పాఠం పోదు. పగలంతా ఇద్దరు ముగ్గురు పిల్లలతో వేగే తల్లికి ఇంత సిద్ధంగా చేతికందే పుస్తకం ఎంత ఊరటో మాటల్లో చెప్పలేం.

కానీ ఆ సాఫీ నడకలోనే నాకు అభ్యంతరం ఉంది. ముందుమాటలో ఆమె సరైన ప్రశ్నే వేస్తుంది: జరిగింది మనకెలా తెలుసు? ఉత్తరాలు, రాతలు, తవ్వకాల్లో దొరికిన వస్తువులు అంటూ చక్కగా వివరిస్తుంది. మొహెంజోదారో దగ్గర కూడా, ఆ నగరం ఎందుకు ఖాళీ అయిందన్నది అంతుపట్టని విషయమనే చెబుతుంది. కానీ యూదుల మూలపురుషుడు అబ్రహాము దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్న మాయమవుతుంది. దేవుడు అబ్రహాముతో మాట్లాడటం, యోసేపు ఈజిప్టు చేరడం, మోషే తన ప్రజల్ని బయటికి నడిపించడం అన్నీ మెసొపొటేమియా రాజులు సార్గాన్, హమ్మురాబీల వరసలోనే, అదే గొంతుతో సాగిపోతాయి. సార్గాన్‌కు మట్టి పలకల సాక్ష్యం ఉంది. అబ్రహాముకు బైబిలు బయట ఆ కాలపు సాక్ష్యం ఏదీ లేదు. పురాణ వీరుడు గిల్గమెష్‌ను కథ అని చెప్పిన పుస్తకమే అబ్రహామును చరిత్రగా చెబుతుంది. ఏడేళ్ల పిల్లవాడికి ఈ తేడా పట్టుబడదు. వాడికి వినిపించిందల్లా నిజమే. మతం చెప్పకూడదని కాదు నా మాట. బైబిలు కథ తెలియకుండా యూరప్ చరిత్ర ఏమీ అర్థం కాదు. ‘యూదులు తమ గురించి ఇలా చెప్పుకున్నారు’ అన్న ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం అక్కడ లేదు.

ఈ తప్పు ఒక్క బావర్‌దే అనుకోవద్దు. మన ఇళ్లలో చరిత్ర పేరుతో పిల్లల చేతికి మొదట వచ్చేది అమర్ చిత్ర కథ. 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన ఆ బొమ్మల పుస్తకాలు రెండు తరాలకు చదువు మీద మక్కువ నేర్పాయి. కానీ అక్కడ రాముడూ శివాజీ ఒకే గీతలో, ఒకే రంగులో కనిపిస్తారు. ఎవరి గురించి మనకు ఎలా తెలుసో ఏ పుటా చెప్పదు. అబ్రహాము విషయంలో బావర్‌ను తప్పుపట్టే తెలుగు తండ్రి ఈ అరను కూడా అదే కళ్లతో చూడాలి.

నెహ్రూ దగ్గరికి వస్తే గాలి మారుతుంది. ఆయన రాజులతో మొదలుపెట్టడు, ప్రకృతే మొదటి పుస్తకం అంటాడు. నున్నగా, గుండ్రంగా ఉన్న ఒక గులకరాయిని తీసుకుని దాని కథ చెబుతాడు. ఒకప్పుడు కొండలో భాగంగా పదునైన అంచులతో ఉన్న రాయి ఏటి నీటిలో దొర్లి దొర్లి ఇలా అరిగింది. ఇంకా దొర్లితే ఇసుకే. ఆరేళ్ల పాపకు కూడా ఇది అందుతుంది. కాగితం మీద రాత లేకపోయినా సాక్ష్యం ఉంటుందని, దాన్ని చదవడం నేర్చుకోవచ్చని ఆ పాపకు మొదటి రోజే తెలుస్తుంది. బావర్ తారక్ అనే సంచార బాలిక కథతో మొదలుపెడుతుంది. ఆ అధ్యాయం హాయిగా సాగుతుంది, కానీ ఆ అమ్మాయి కల్పితం. నెహ్రూ చెప్పిన రాయిని పిల్లలు ఏటి ఒడ్డున తామే ఏరుకోవచ్చు.

నెహ్రూ ఉత్తరాల్లో నాకు అన్నిటికంటే విలువైనది ఆయన ‘కావచ్చు’. చివర రామాయణం దగ్గరికి వచ్చి, ఇది ఆర్యులకూ దక్షిణాది ప్రజలకూ జరిగిన పోరాటాల కథ కావచ్చునంటాడు. వానరులు బహుశా దక్షిణాన నివసించిన నల్లటి మనుషులేమోనంటాడు. ఇప్పటి తెలుగు తండ్రి ఈ మాటలు కూతురికి చదివి వినిపిస్తూ అక్కడ ఆగక తప్పదు. ఆర్య, ద్రావిడ అనేవి భాషా కుటుంబాల పేర్లు. వాటిని జాతులుగా, రంగులుగా విడగొట్టడం ఆ కాలపు ఆలోచన. ఈ దేశంలో మనుషులు ఎన్ని వేల ఏళ్లుగా ఎంతగా కలిసిపోయారో ఇవాళ జన్యుశాస్త్రం చూపిస్తోంది. నెహ్రూ ఊహ నిలవదు. అయినా ఆయన దాన్ని ఊహగానే చెప్పాడు గనుక ఆ చోట ఆగి పాపతో మాట్లాడే వీలుంది. ‘ఈయన ఇలా అనుకున్నారమ్మా, ఆ తర్వాత ఇంకేం తెలిసిందో చూద్దామా’ అనొచ్చు. తప్పే అయినా తలుపు తెరిచి ఉంచిన తప్పు అది.

ఆయన లోపాలు చెప్పకుండా దాటలేను. ఈ ఉత్తరాలు రామాయణ, మహాభారతాల దగ్గరే ఆగిపోతాయి. బుద్ధుడూ అశోకుడూ ఆ తర్వాతి వాళ్లు. తెగలు, పెద్దలు, రాజులు ఎలా పుట్టారని చెప్పే ఉత్తరాల్లో మనుషులు కనబడరు, విషయం మాత్రమే ఉంటుంది. చిన్నపిల్లలు అక్కడ కునుకు తీస్తారు. పటం గీయించే పని, చేత్తో చేయించే పని ఏదీ ఉండదు. దీని మీదే ఆధారపడి ఏడాది చదువు నడపడం కుదరదు.

మూడింటిలో గొప్ప గద్యం గోంబ్రిక్‌దే. గతాన్ని అడుగులేని బావిగా చూపించి, అందులోకి మండే కాగితం జారవిడిచి, అది కిందికి పోతూ గోడల్ని వెలిగిస్తుంటే చూడమంటాడు. చదివే పెద్దవాళ్లు కూడా తొంగిచూస్తారు. స్పెయిన్ వాళ్లు మెక్సికోను నాశనం చేసిన తీరు రాసేటప్పుడు యూరోపియన్‌గా తన సిగ్గును దాచుకోడు. నాజీలు ఈ పుస్తకాన్ని మరీ శాంతివాదమని నిషేధించారు. ఆ గొంతులోని మానవత్వానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అయితే ఇది యూరప్ చరిత్రే. ఇండియాకు బుద్ధుడి అధ్యాయం, చైనాకు కొంత చోటు దక్కాయి. ఆఫ్రికా దాదాపు లేనట్టే.

అతను చేసిన ఒక పని మిగతా ఇద్దరిలోనూ లేదు. 1985లో కొత్త ముద్రణ వచ్చినప్పుడు చివర ఒక అధ్యాయం చేర్చాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగింపులో అమెరికా అధ్యక్షుడు విల్సన్ గురించి తాను రాసింది సరికాదని పిల్లలకే చెప్పాడు. పాత వాక్యాన్ని చడీచప్పుడు లేకుండా మార్చేసి ఊరుకోవచ్చు. అలా చేయలేదు. చరిత్రకారుడంటే ఎలా ఉండాలో నేర్పడానికి పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం నాకు కనిపించలేదు.

ఇక మన సంగతి. బావర్ మొదటి సంపుటంలో ఇండియా అంటే సింధు నగరాలు, గంగా తీరం, బుద్ధుడు, మౌర్యులు. కృష్ణా తీరం ఆ అధ్యాయాల్లో లేదు. ఈ ఖాళీ నింపే పని అమ్మానాన్నలదే, దానికి వస్తువులూ ఉన్నాయి. అమరావతి స్తూపం శిల్పాలు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ చెన్నై మ్యూజియంలోనూ ఉన్నాయి. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తొలినాటి బౌద్ధ కళ మీద ప్రదర్శన పెడితే, తెలంగాణలోని ఫణిగిరి శిల్పాలు అక్కడిదాకా వెళ్లాయి. సెలవులకు ఇంటికొస్తే నాగార్జునకొండ ఉంది. కడప జిల్లా కలమళ్లలో ఆరో శతాబ్దపు తొలి తెలుగు శాసనం ఉంది. నెహ్రూ గులకరాయితో చెప్పిన పాఠాన్ని ఈ రాళ్లతోనూ చెప్పొచ్చు.

నా తీర్పు ఇది. ఆరేళ్లప్పుడు నెహ్రూ మొదటి ఉత్తరాలు కొన్ని, రాజుల కంటే ముందు. తర్వాత నాలుగేళ్ల వరసకు బావర్, అబ్రహాము అధ్యాయానికి పైన చెప్పిన ఆ ఒక్క వాక్యం మీరు చేర్చి. తొమ్మిదీ పదేళ్లు వచ్చాక గోంబ్రిక్, మొదటి అధ్యాయం, చివరి అధ్యాయం ఒకే వారంలో. కొనే ముందు ఏ పుస్తకంలోనైనా మీ మతానికో మీ దేశానికో సంబంధించిన అధ్యాయం కాకుండా, పక్కవాడి అధ్యాయం తెరిచి చదవండి. అక్కడ ‘ఇది మనకెలా తెలుసు’ అన్న మాట కనిపిస్తే పుస్తకం తీసుకోండి.