పిడికిలి మలుపు తిప్పిన ఆట: 1970 గ్రాండ్ ఫైనల్

1970 సెప్టెంబరు 26న మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్ గ్రాండ్ ఫైనల్ జరిగింది. కార్ల్‌టన్ జట్టు తన చిరకాల ప్రత్యర్థి కాలింగ్‌వుడ్‌ను 10 పాయింట్ల తేడాతో ఓడించింది. సగం ఆట ముగిసేసరికి కార్ల్‌టన్ 44 పాయింట్లు వెనకబడి ఉంది. విరామానికి అంత లోటుతో ఉండి గ్రాండ్ ఫైనల్ గెలిచిన జట్టు అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు. ఆ రోజు మైదానానికి వచ్చిన ప్రేక్షకులు 1,21,696 మంది. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో ఒక మ్యాచ్‌కు అంత జనం మళ్లీ రాలేదు. ఈ విజయాన్ని కోచ్‌లూ ఆటగాళ్లూ ఇప్పటికీ తలచుకోవడానికి ముఖ్య కారణం హ్యాండ్‌బాల్, అంటే బంతిని పిడికిలితో కొట్టి అందించడం. అప్పటిదాకా చాలా జట్లు దాన్ని ఇరుకున పడ్డప్పుడు గట్టెక్కడానికే వాడేవి. దాడికి అదే పదునైన ఆయుధమని ఆ మధ్యాహ్నం అందరి కళ్లముందూ రుజువైంది.

ఆట నియమాలు

ఈ ఆటను కోడిగుడ్డు ఆకారపు మైదానంలో, రెండు వైపులా 18 మంది చొప్పున ఆడతారు. తోలు బంతి కూడా కోలగానే ఉంటుంది. మైదానం రెండు చివర్లలోనూ నాలుగేసి స్తంభాలు నిలబెడతారు. ఎవరి చెయ్యీ తగలకుండా కాలితో తన్నిన బంతి నడిమి రెండు పొడవాటి స్తంభాల మధ్య నుంచి పోతే అది గోల్, ఆరు పాయింట్లు. నడిమి స్తంభానికీ పక్క స్తంభానికీ మధ్య నుంచి పోయినా, నడిమి స్తంభానికి తగిలినా బిహైండ్, ఒక్క పాయింటే. ఆట నాలుగు క్వార్టర్లుగా సాగుతుంది. సాకర్‌లో ఉండే ఆఫ్‌సైడ్ నియమం ఇందులో లేదు కాబట్టి ఆటగాడు ఎటువైపైనా పరుగెత్తవచ్చు.

తగినంత దూరం నుంచి తన్నిన బంతిని మరెవరూ తాకకముందే, నేల మీద పడకుండా పట్టుకుంటే దాన్ని మార్క్ అంటారు. మార్క్ పట్టిన ఆటగాడిని ఎవరూ అడ్డుకోకూడదు. అతడు తాపీగా వెనక్కి నడిచి, గురిచూసి తన్నవచ్చు. లేదా ఆ వెసులుబాటు వదులుకుని వెంటనే ఆట కొనసాగించవచ్చు. ఈ రెండు దారుల్లో ఏది ఎంచుకోవాలన్నదే 1970 నాటి మ్యాచ్‌కు కీలకమైంది.

హ్యాండ్‌బాల్ ఒడుపు

ఈ ఆటలో బంతిని చేత్తో విసరకూడదు. ఒక అరచేతిలో బంతిని కదలకుండా ఉంచి, రెండో చేతి పిడికిలితో కొట్టి సహచరుడికి అందించాలి. అదే హ్యాండ్‌బాల్. పిడికిలి బిగించేటప్పుడు బొటనవేలు లోపల ఇరుక్కోకుండా బయటే ఉంచుతారు. బొటనవేలూ చూపుడువేలూ కలిసి ఏర్పడే చదునైన భాగం బంతికి తగలాలి. మోకాళ్లు కాస్త వంచి, బంతి పట్టిన చేతివైపు పాదం ముందుకు వేస్తే దెబ్బకు బలం వస్తుంది. కొట్టిన చెయ్యి మధ్యలో ఆగిపోకుండా బంతి వెళ్లే దిక్కుకే సాగాలి. పిడికిలితో కొట్టకుండా పట్టిన చేత్తోనే బంతిని ముందుకు పంపితే అంపైర్ దాన్ని విసరడంగా లెక్కగట్టి ఎదుటి జట్టుకు ఫ్రీ కిక్ ఇస్తాడు.

అందుకునేవాడి నేర్పు కూడా అంతే ముఖ్యం. నిలబడి ఉన్నవాడికి బంతి ఇస్తే ప్రయోజనం తక్కువ, మరుక్షణంలో ప్రత్యర్థి వచ్చి అతన్ని పట్టేస్తాడు. వెనక నుంచి వేగంగా దూసుకొచ్చేవాడికి, అతడి అడుగుకు కాస్త ముందుగా, ఛాతీ ఎత్తులో బంతి అందాలి. అప్పుడు ఒక్క కాపలాదారు ఇద్దరిని ఎదుర్కోవాల్సి వస్తుంది. ఎవరి వైపు కదిలినా రెండోవాడు ఖాళీగా దొరుకుతాడు.

ఇంత లాభం ఉన్నా, ఆనాటి ఆట ప్రధానంగా దూరపు తన్నుల మీద నడిచేది. బంతి దొరికితే ముందుకు బలంగా తన్నడం, అక్కడ పొడగరి ఎగిరి మార్క్ పట్టడం అప్పటి పద్ధతి. దీన్ని మార్చాలని చూసినవారు ఇద్దరున్నారు. ఫిట్జ్‌రాయ్ కోచ్‌గా పనిచేసిన లెన్ స్మిత్ ఆగకుండా పరుగెత్తే వేగవంతమైన ఆటను బోధించాడు. పశ్చిమ ఆస్ట్రేలియా నుంచి జీలాంగ్ జట్టుకు వచ్చిన గ్రాహమ్ ‘పాలీ’ ఫార్మర్ హ్యాండ్‌బాల్‌తో బంతిని ఎంతో దూరం, గురి తప్పకుండా పంపేవాడు. కార్ల కిటికీ అద్దాలు దించి, ఆ సందులోంచి బంతి పోయేలా అతడు సాధన చేసేవాడు. లెన్ తమ్ముడు నార్మ్ స్మిత్ శిక్షణలో మెల్‌బోర్న్ జట్టులో ఎదిగిన రాన్ బరాసీ 1965లో కార్ల్‌టన్ కోచ్ అయ్యాడు. లెన్ స్మిత్ ఆలోచనల ప్రభావం ఆయన మీద బలంగా ఉంది.

మొదటి సగం

ఆ ఏడాది లీగ్‌లో కాలింగ్‌వుడ్ మొదటి స్థానంలో, కార్ల్‌టన్ రెండో స్థానంలో నిలిచాయి. రెండు వారాల ముందు సెమీ ఫైనల్‌లో కార్ల్‌టన్‌పై కాలింగ్‌వుడ్ 10 పాయింట్లతో గెలిచింది. ఫైనల్ కూడా అదే దారిలో మొదలైంది. తొలి క్వార్టర్‌లో కార్ల్‌టన్‌కు ఒక్క గోల్ కూడా దక్కలేదు. కాలింగ్‌వుడ్ గోల్స్ వీరుడు పీటర్ మెకెన్నా మొదటి సగంలోనే అయిదు గోల్స్ కొట్టాడు.

రెండో క్వార్టర్‌లో కార్ల్‌టన్ ఆటగాడు అలెక్స్ జెసాలెంకో పట్టిన మార్క్ ఈ ఆట చరిత్రలోనే పేరు మోసింది. గాలిలోకి లేచిన బంతి కోసం కాలింగ్‌వుడ్ ఆటగాడు గ్రేమ్ జెన్‌కిన్ కాచుకుని ఉన్నాడు. జెసాలెంకో వెనక నుంచి ఎగిరి, అతడి భుజాల మీదుగా లేచి, బంతిని పైనే అందుకున్నాడు. ఏటా ఉత్తమ మార్క్‌కు ఇచ్చే పతకానికి తర్వాతి కాలంలో ఆయన పేరే పెట్టారు. అయినా ఆ అద్భుతంతో స్కోరు మారలేదు. విరామానికి కాలింగ్‌వుడ్ 10 గోల్స్, 13 బిహైండ్‌లతో 73 పాయింట్ల మీద, కార్ల్‌టన్ 4 గోల్స్, 5 బిహైండ్‌లతో 29 పాయింట్ల మీద ఉన్నాయి.

రెండో సగం

విరామంలో బరాసీ రెండు నిర్ణయాలు తీసుకున్నాడు. మొదటిది ఆటగాడి మార్పు. అప్పట్లో అదనంగా ఇద్దరే ఆటగాళ్లు ఉండేవారు, ఒకసారి బయటకు వచ్చినవాడు తిరిగి ఆడే వీలు లేదు. అలాంటి పరిస్థితిలో బర్ట్ థార్న్‌లీని దింపి, సన్నగా ఉండే టెడ్ హాప్‌కిన్స్‌ను పంపాడు. రెండోది ఆటతీరు. మార్క్ పట్టి ఆగవద్దని, హ్యాండ్‌బాల్‌తో బంతిని కదుపుతూనే ఉండాలని గట్టిగా ఆదేశించాడు.

మూడో క్వార్టర్ మొదలైన కొద్ది నిమిషాలకే హాప్‌కిన్స్ గోల్స్ మొదలుపెట్టాడు. మ్యాచ్ ముగిసేసరికి అతడి ఖాతాలో నాలుగు చేరాయి. ఆ క్వార్టర్‌లో కార్ల్‌టన్ ఎనిమిది గోల్స్ కొట్టింది, బిహైండ్ ఒక్కటీ లేదు. 44 పాయింట్ల తేడా 17కు దిగింది. చివరి క్వార్టర్‌లో కార్ల్‌టన్ మరో 5 గోల్స్, 4 బిహైండ్‌లు సాధించగా, కాలింగ్‌వుడ్‌కు దక్కింది ఒక గోల్, ఒక బిహైండ్. ఆఖరి నిమిషాల్లో జెసాలెంకో తన్నిన బంతి కాపలా లేని గోల్ ముందు ఎగిరెగిరి పడుతూ లోపలికి దొర్లడంతో ఫలితం ఖాయమైంది. కార్ల్‌టన్ 17 గోల్స్, 9 బిహైండ్‌లతో 111 పాయింట్లు చేసింది. కాలింగ్‌వుడ్ 14 గోల్స్, 17 బిహైండ్‌లతో 101 దగ్గర ఆగింది.

గెలుపు కారణాలు, విలువ

హ్యాండ్‌బాల్ ఒక్కటే ఈ ఆటను గెలిపించిందని చెబితే లెక్క సరిపోదు. గోల్ వైపు కాలింగ్‌వుడ్‌కు 31 అవకాశాలు ఫలిస్తే కార్ల్‌టన్‌కు ఫలించినవి 26. గురి కుదిరి ఉంటే కాలింగ్‌వుడ్ విరామానికే అందనంత దూరం వెళ్లేది. రెండో క్వార్టర్‌లో మెకెన్నా సహచరుడు డెస్ టడ్డెన్‌హామ్‌ను ఢీకొని దెబ్బతిన్నాడు, ఆ తర్వాత అతడి నుంచి ఒక్క గోలే వచ్చింది. ఇవన్నీ కార్ల్‌టన్‌కు దారి తెరిచాయి. ఆ దారిలో వేగంగా నడిచే పద్ధతి చేతిలో ఉండటం వల్లే ఆ జట్టు గెలిచింది. నిలబడి తన్నే ఆటలో కాపలాదారులకు సర్దుకునే సమయం దొరుకుతుంది. హ్యాండ్‌బాల్ ఆ సమయాన్ని లాగేసుకుంది.

ఈ పద్ధతిలో ముప్పు కూడా ఉంది. సొంత గోల్ ముందు ఒక్క హ్యాండ్‌బాల్ తప్పినా ప్రత్యర్థికి ఆరు పాయింట్లు అప్పగించినట్టే. లక్షమందికి పైగా చూస్తుండగా, ఓటమి అంచున నిలబడి, ఆ ముప్పును తలకెత్తుకున్న ధైర్యం కార్ల్‌టన్ ఆటగాళ్లది. ఆ ధైర్యానికి వెనక లెన్ స్మిత్ ఆలోచన, ఫార్మర్ సాధన, బరాసీ శిక్షణ ఉన్నాయి. ముందే సాధన చేసిన విద్య కనుకనే ఆపదలో అక్కరకొచ్చింది.

కార్ల్‌టన్‌కు అది పదో టైటిల్. కాలింగ్‌వుడ్ మళ్లీ టైటిల్ గెలవడానికి 1990 దాకా ఆగాల్సి వచ్చింది. బరాసీ తర్వాత నార్త్ మెల్‌బోర్న్‌కు కోచ్‌గా వెళ్లి, 1975లో ఆ జట్టుకు మొట్టమొదటి టైటిల్ సాధించి పెట్టాడు. హాప్‌కిన్స్ ఆటగాడిగా ఎంతోకాలం కొనసాగలేదు. తర్వాతి కాలంలో ఈ ఆట గణాంకాలను నమోదు చేసే చాంపియన్ డేటా సంస్థ స్థాపకుల్లో ఒకడయ్యాడు. హ్యాండ్‌బాల్ ఇప్పుడు ప్రతి జట్టుకూ నిత్యవిద్య. ఆట నేర్చుకునే పిల్లలకు తన్నడంతో పాటే పిడికిలితో అందించడమూ మొదటినుంచే, రెండు చేతులతోనూ నేర్పుతున్నారు.