భంగాస్వనుని కోరిక

పురుషుడు స్త్రీగా మారుట మన పురాణములకు క్రొత్త గాదు. కాకినాడ చెంతనున్న సర్పవరమున, భావనారాయణస్వామి ఆలయ స్థలపురాణములో, నారదుడు సరస్సున మునిగి స్త్రీయై 60 మంది పుత్రులను గనెను. వారే ప్రభవాది సంవత్సరములని జనశ్రుతి. పిదప వేరొక సరస్సున మునిగి పూర్వరూపము నొందెను. అందు స్త్రీత్వము విష్ణుమాయ. దానినుండి వెలువడుటయే ముక్తి. మహాభారతము ఆనుశాసనిక పర్వమున భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన భంగాస్వనుని కథ ఇందుకు భిన్నము. మా దృష్టిలో అదియే మిన్న.

భంగాస్వనుడు ఇంద్రునికి గిట్టని యజ్ఞము చేసి నూర్గురు కుమారులను బడసిన రాజు. ఇంద్రుని మాయచే వేటలో దారి తప్పి, ఒక కొలనున స్నానమాడి స్త్రీయయ్యెను. ఈ వింతను కవి క్షణములో ముగించెను. గుఱ్ఱ మెక్కుట ఎట్లు, పురమునకు పోవుట ఎట్లు, భార్యలకు, బిడ్డలకు, ప్రజలకు ఏమని చెప్పుట యను వేదననే నిలిపి చూపెను. కథకు ప్రాణ మిచ్చటనే కలదు. కొలను కల్పన కావచ్చును. నూర్గురు బిడ్డల తండ్రి స్త్రీయై ఇంటివారి యెదుట నిలువవలసిన ఘడియ కల్పన గాదు.

ఆమె రాజ్యమును కుమారుల కొసగి అడవికేగి, ఒక తాపసునివలన మరి నూర్గురను గనెను. వారిని గొనివచ్చి అన్నలతో కలిపెను. ఇంద్రుడు వారిలో కలహము పెట్టగా అందరును మడిసిరి. ఆమె శోకమునకు కరగి, ఏ నూర్గురు బ్రతుకవలెనని ఇంద్రు డడుగగా, తాను తల్లియై కన్నవారినే కోరెను. స్త్రీకి వాత్సల్య మధికమనెను. ఇంద్రుడు మెచ్చి అందరిని బ్రతికించెను. పురుషత్వము మరల నిచ్చెదననగా, ఆమె వలదనెను.

ఇందుకు ఆమె చెప్పిన హేతువు సంభోగసుఖము. ధర్మరాజు ప్రశ్న దానిని గూర్చియే గనుక కథ అట్లు ముగిసినది. అయినను ఈ హేతువు కథను చిన్నబుచ్చినదని మా అభిప్రాయము. శిక్షగా వచ్చినది స్వభావమై కుదిరెనని బిడ్డలను గూర్చిన మాటతోనే తెలిసిపోయినది.

ఇంద్రు డడిగిన ప్రశ్న నేటికిని ఉన్నది. ఎ. రేవతి తమిళమున వ్రాసిన జీవితకథకు పి. సత్యవతిగారి తెలుగు సేత ‘ఒక హిజ్రా ఆత్మకథ’. దానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారము లభించినది. స్త్రీయో పురుషుడో నిర్ణయించుకొను హక్కు ఆ వ్యక్తిదేయని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న తీర్పు చెప్పినది.

చంద్రపూరున స్థిరపడిన మన ఇండ్లలో పిల్లల చదువు మరాఠీలో సాగినను, భారతకథ తెలుగుననే చెప్పుకొందుము. నారదుని కథతోబాటు భంగాస్వనుని కథయు చెప్పవలెను. స్త్రీయై తిరిగివచ్చిన తండ్రి మాటను ఆ కుమారులు త్రోసిపుచ్చలేదనియు, ఆమె తెచ్చిన తమ్ములతో రాజ్యము పంచుకొనిరనియు మరువక చెప్పవలెను.