పదిహేనోసారి వచ్చిన మనిషి

అమెరికాలో 1986 నాటి చట్టం ఒకటుంది. ఎమర్జెన్సీ గుమ్మం ఎక్కినవాడి చేతిలో డబ్బున్నా లేకపోయినా పరీక్షించాలి, ప్రమాదం తప్పేదాకా చూడాలి. గొప్ప చట్టమే. అయితే దాని చెయ్యి ఆసుపత్రి గేటు దాటి బయటికి సాగదు. మందులిచ్చి పంపించిన మనిషి ఏ ఫుట్‌పాత్ మీద పడుకుంటాడో, ఆ మందులు ఎలా వేసుకుంటాడో అడిగేవాళ్లుండరు. వారం తిరగకుండా మళ్లీ అంబులెన్సులో వస్తాడు. శాన్‌ఫ్రాన్సిస్కో జనరల్ ఆసుపత్రి ఆ నగరంలో పేదలకు పెద్దదిక్కు. ఏడాదికి పది పదిహేనుసార్లు ఇలా వచ్చేవాళ్లు అక్కడ కొందరుండేవారు.

వీళ్ల కోసం ఆ ఆసుపత్రి కేస్ మేనేజర్లను, అంటే ఒక్కో రోగి బాగోగులు వెంట ఉండి చూసేవాళ్లను పెట్టింది. సైకియాట్రీ విభాగాన్ని నడిపిన డాక్టర్ రాబర్ట్ ఓకిన్, ఆయన సహచరులు 2000లో ఆ అనుభవాన్ని అచ్చువేశారు. మందు కొత్తది కాదు, యంత్రం కొత్తది కాదు. సోషల్ వర్కర్లు చేసిన పని అది. నాకు ముచ్చటగా తోచేది ఆ పనిలోని వరస.

డాక్టరు కంటికి ముందు జబ్బు కనిపిస్తుంది. కేస్ మేనేజరు రోజు ఎలా గడుస్తోందని అడుగుతుంది. గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరే రోగిని తీసుకోండి. నీటి మాత్ర రాసిస్తారు. అది వేసుకుంటే మాటిమాటికీ మూత్రానికి వెళ్లాలి. వీధిలో బతికేవాడికి మరుగుదొడ్డి ఎక్కడిది? మాత్ర మానేస్తాడు, ఊపిరాడక ఎమర్జెన్సీకి వస్తాడు. ఫైలులో ‘చెప్పినట్టు మందులు వాడడు’ అని రాస్తారు. షుగరు రోగిదీ ఇదే కథ. ఫ్రిజ్ లేనివాడు ఇన్సులిన్ సీసాలను ఎండాకాలంలో ఎక్కడ దాచుకుంటాడు? ఇలాంటి సంగతి ఒక్కటి బయటపడాలంటే ఎన్నోసార్లు పక్కన కూర్చోవాలి, తొందరపెట్టకుండా వినాలి. ఎదుటివాడికి నమ్మకం కుదిరేదాకా అసలు మాట బయటికి రాదు.

అందుకే అక్కడ గదికీ కాగితాలకీ అంత పెద్దపీట వేశారు. ప్రభుత్వ భృతికి దరఖాస్తు పెట్టాలంటే గుర్తింపు కార్డు కావాలి. కార్డు కోసం పుట్టిన తేదీ కాగితం వెతకాలి. అవన్నీ సంపాదించినా జవాబు ఉత్తరం రావడానికి చిరునామా ఉండాలి. ఆరోగ్యంగా ఉన్నవాడికే విసుగు పుట్టించే ఈ ముడులను ఒక్కొక్కటిగా విప్పుతూ, వీధుల్లోకి వెళ్లి మనిషిని వెతికి పట్టుకుంటూ, వాడికంటూ ఒక డాక్టరును కుదర్చడం వాళ్ల పని. తాగుడు మానితేనే సాయం చేస్తామనే షరతు పెట్టి కూర్చుంటే ఈ పని మొదలే కాదు. మళ్లీ తాగి వచ్చినా ఫైలు మూయకపోవడంలోనే ఈ వృత్తి పట్టుదల తెలుస్తుంది.

ఫలితం? మొదటి అధ్యయనంలో 53 మంది. ఎమర్జెన్సీకి రావడం మధ్యస్థ లెక్కన ఏడాదికి 15 సార్ల నుంచి 9కి తగ్గింది. ఇల్లులేనివాళ్ల సంఖ్య సగానికి పైగా తగ్గింది. పెట్టిన ప్రతి డాలరుకు ఆసుపత్రి ఖర్చులో 1.44 డాలర్లు మిగిలాయి. అయితే ఇక్కడ ఒక చిక్కుంది. మనిషి కష్టాల్లో నిండా మునిగినప్పుడే ఇలాంటి జాబితాకెక్కుతాడు. ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయకపోయినా కొంత తేరుకోవచ్చు. ఆ అనుమానం తీర్చడానికి 252 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి రెండేళ్లు చూశారు. 2008లో వచ్చిన ఆ ఫలితాల్లోనూ కేస్ మేనేజర్లున్న గుంపులో ఎమర్జెన్సీ వాడకం, దాని ఖర్చు తగ్గాయి. ఇల్లులేనితనమూ తాగుడూ తగ్గాయి. మిగతా ఆసుపత్రి సేవల్లో మాత్రం తేడా రాలేదు, ఆ మాటా దాచకుండా రాశారు.

న్యూజెర్సీలోని కామ్డెన్ పేరు చెప్పకుండా ఈ కథ పూర్తికాదు. జెఫ్రీ బ్రెన్నర్ అనే ఫ్యామిలీ డాక్టరు ఆ ఊరి ఆసుపత్రుల బిల్లులు దగ్గర పెట్టుకుని లెక్కతీస్తే, రోగుల్లో నూటికి ఒక్కరే మొత్తం ఖర్చులో 30 శాతానికి కారణమని తేలింది. నర్సులు, సోషల్ వర్కర్లు జట్టుగా వాళ్ల ఇళ్లకు వెళ్లారు. దేశమంతా మెచ్చుకుంది. అంత పేరు వచ్చాక కూడా తమ పనిని లాటరీ పరీక్షకు అప్పగించారు. 2020లో 800 మందిపై ఫలితం వచ్చింది: ఆరునెలల్లో మళ్లీ ఆసుపత్రిలో చేరినవాళ్లు జట్టు సాయం ఉన్నవారిలో 62.3 శాతం, లేనివారిలో 61.7 శాతం. తేడా లేదు.

రెండుచోట్లా రోగులు వేరు, కొలతలు వేరు. అయినా నా ఉద్దేశం చెబుతాను. కామ్డెన్ జట్టు ఒక్కో రోగితో గడిపింది నెలల లెక్కలో, శాన్‌ఫ్రాన్సిస్కోలో పని సాగింది ఏళ్ల లెక్కలో. కేస్ మేనేజరు ఎంత నేర్పరి అయినా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లడానికి ఊళ్లో ఖాళీ గది ఉండాలి, చూడటానికి ఒప్పుకునే డాక్టరుండాలి. అవి లేని చోట నేర్పు ఒక్కటే చాలదు. కామ్డెన్ అంకె వాళ్ల పనితనాన్ని తక్కువ చేయదు, ఆ పనికి ఏమేం తోడు కావాలో చెబుతుంది.

ఎమర్జెన్సీల్లో పనిచేసే తెలుగు డాక్టర్లు, నర్సులు మన దగ్గరా అమెరికాలోనూ ఎందరో ఉన్నారు. రోగిని ఇంటికి పంపేముందు ‘ఈ మందు ఎక్కడ పెట్టుకుంటావు, ఎలా వేసుకుంటావు?’ అని అడగండి. జవాబు వినడానికి రెండు నిమిషాలు కేటాయించండి.