సంపు మూత ఎత్తి చూసే మనిషి

పిల్లాడు కనబడటం లేదని తల్లి స్టేషన్ మెట్లెక్కితే, పని తెలిసిన దర్యాప్తు అధికారి ముందుగా ఊరి మీద పడడు. ఆ ఇంటికే వెళ్తాడు. మంచం కింద, అటక మీద, మేడ మీది ట్యాంకులో, వీధిలో ఆగి ఉన్న కార్లలో చూస్తాడు. "అక్కడ చూశాం సార్" అని ఇంటివాళ్లు అంటున్నా సంపు మూత తానే ఎత్తి టార్చి వేస్తాడు.

తర్వాత సీసీ కెమెరాలు. కిరాణా కొట్టు కెమెరాలో టైము పది నిమిషాలు ముందుండొచ్చు, మెడికల్ షాపుది వెనకుండొచ్చు. ప్రతి తెర ముందూ తన ఫోన్ టైముతో పోల్చి తేడా రాసుకుంటాడు. అది రాసుకోకపోతే వెతుకులాట తప్పు సందులోకి మళ్లుతుంది. ఈ పనిలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఈ చిన్న లెక్కే. సినిమావాళ్లకు మాత్రం ఛేజింగులే కావాలి!

తల్లిని "కొట్టావా, తిట్టావా?" అని గద్దించడు. "పొద్దున ఏం తిన్నాడమ్మా? ఏ చెప్పులేసుకున్నాడు?" అని మొదలెడతాడు. అసలు సంగతి మెల్లగా బయటికొస్తుంది.

పిల్లలు తప్పిపోయారన్న ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. 24 గంటలు ఆగాలన్న నిబంధన లేదు. వెంటనే 112కో, 1098కో ఫోన్ చేయండి.